అంబలంగొడలో ఒక వదులు సాకెట్

దెయ్యం కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. శ్రీలంక సముద్రపు ఒడ్డున మా అంబలంగొడలో వాళ్ళకి కొదవ లేదు. సునామీ వచ్చిపోయిన దగ్గర్నుంచి ప్రతి తాగుబోతూ ఏదో ఒకటి చూశాడు. ఒకడి త్రీవీలర్‌లో ఎక్కిన ఆడమనిషి దిగకుండానే మాయమైందట. ఆమె మాయమైందా, నీకు తాగింది దిగలేదా అని అడిగితే కోపం. నేను అడుగుతాను కాబట్టి నన్ను ఆ కబుర్లకి ఎవరూ పిలవరు.

నా పేరు సోమదాస. గాల్ రోడ్డు పక్కన చిన్న షాపు, కార్లలో వైరింగు పని. నాకు మనుషుల మీద గౌరవం లేదంటే ఆ తప్పు వాళ్ళ కార్లదే. పైన తళతళలాడే బండి లోపల చెయ్యి పెడితే తెలుస్తుంది యజమాని ఎలాంటివాడో. అన్నిటికంటే ఎక్కువ తెలిసేది గేరు ముందున్న కన్సోల్‌లో, చార్జరు గుచ్చే సాకెట్ దగ్గర. ప్లగ్గు పట్టుకుని తీయాలన్న జ్ఞానం ఒక్కడికీ ఉండదు. వైరు పట్టుకుని పీకుతారు. సాకెట్‌ని పట్టి ఉంచే ప్లాస్టిక్ రింగు విరుగుతుంది, సాకెట్ ఊగులాడుతుంది. అప్పుడు దాని చుట్టూ బస్సు టికెట్లు కూరతారు, చూయింగ్ గమ్ అంటిస్తారు. పిల్లలకి చదువు చెప్పే ఒక హెడ్మాస్టరు తమలపాకు కూరుకుని వచ్చాడు. తీసి చూపిస్తే నవ్వాడు. ఆయన పిల్లలకి ఏం చెబుతున్నాడో ఆయనకే తెలియాలి.

ఆ సాయంత్రం వాన పడుతోంది. ఎక్కడో ట్రాన్స్‌ఫార్మర్ పేలి రోడ్డు పొడుగునా కరెంటు పోయింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు కానీ షాపులో ఏమీ కనిపించడం లేదు. బెల్లం ముక్క కొరుక్కుంటూ పాలులేని టీ తాగుతున్నాను. తాగడం అయ్యాక షట్టరు దించేద్దామని ఉంది. అప్పుడే ఒక తెల్ల కారు నేరుగా షాపులోకే వచ్చి ఆగింది. జపాన్ నుంచి దిగిన సెకండ్ హ్యాండ్ బండి. డ్రైవరు తలుపు తీశాక లోపల ఒక ఆడగొంతు జపాన్ భాషలో మర్యాదగా ఏదో చెప్పింది. ఈ బండ్లన్నీ అలాగే మాట్లాడతాయి. ఏళ్ళ తరబడి వింటారు గానీ ఏమంటోందని ఒక్కడూ కనుక్కోడు.

"అన్నా, ఈ సాకెట్ ఒక్కటీ చూడు. దండం పెడతాను," అన్నాడు డ్రైవరు. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. పేరు ఉపుల్ అట, హోటళ్ళకి టూరిస్టుల్ని తిప్పుతాడట.

"రేపు రా. కరెంటు లేదు."

"రేపటిదాకా ఆగేది కాదన్నా."

వెనక సీట్లో అతని భార్య దమయంతి కూర్చుని ఉంది. ఒళ్ళో ఆరేళ్ళ పిల్ల, సెనురి. పిల్ల భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. ప్రతి ఊపిరికీ గొంతులో సన్నగా ఈల. పెదాల రంగు నాకు నచ్చలేదు. పక్కన నెబులైజర్ ఉంది, మందుని ఆవిరి చేసి మాస్కులోంచి పట్టించే మిషన్. దాని వైరు ముందుకు వచ్చి కన్సోల్ మీద ఊరికే పడి ఉంది.

ఊళ్ళో చిన్నాసుపత్రిలో మందు పట్టించి, కొలంబోలో పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నారట. అంబులెన్సు వేరే కేసు మీద వెళ్ళింది. దారి పొడుగునా మిషన్ ఆడుతూ ఉండాలి. ఇక్కడికి వచ్చేలోపే ప్లగ్గు ఊడి మిషన్ ఆగిందట, మళ్ళీ పెడితే మళ్ళీ ఊడిందట.

"పిల్లకి ఇంత ఆయాసం ఉందని తెలుసుగా. సాకెట్ బాగు చేయించడానికి ఇవాళే తీరిందా?" అన్నాను.

నేను తలకి లైటు కట్టుకుని ముందు సీట్లోకి వంగాను. స్టీరింగుకి పిరిత్ దారాలు, బౌద్ధ సాధువులు రక్షకని మంత్రాలు చదివి కట్టేవి, ఒకటి కాదు, చేతికి అడ్డం వచ్చేన్ని. సాకెట్ చుట్టూ మడిచిన సిగరెట్ పెట్టె అట్ట. దాన్ని లాగితే వేళ్ళు తడిశాయి.

"ఇందులో నీళ్ళెందుకున్నాయి?"

దమయంతి మెల్లగా అంది: "వాసనొస్తోందని... గుడిలో పిరిత్ చదివించిన నీళ్ళు పోశాం అన్నా."

"సాకెట్‌లోనా?"

"పెద్ద సాధువే ఇచ్చారు."

"ఆయన్నే పిలిచి ఫ్యూజు కూడా వేయించుకోకపోయారా," అన్నాను. ఊరంతా ఇంతే. బండికి జబ్బు చేస్తే దారం, ఇంటికి జబ్బు చేస్తే దారం. దారాలు అమ్మేవాడు మాత్రం రెండంతస్తుల మేడ కట్టాడు.

కన్సోల్ పై పలక ఊడదీశాను. గుప్పున వాసన కొట్టింది. నాకు సముద్రం వాసన కొత్త కాదు, షాపు వెనకే సముద్రం. కానీ మా సముద్రం వేడిగా, ఎండుచేపల వాసన వేస్తుంది. ఇది చల్లగా ఉంది. డీజిలూ, కుళ్ళిన నాచూ, ఇంకేదో. వైర్ల కట్టల మధ్య బురద పేరుకుని ఉంది. మా ఒడ్డున ఇసుక పసుపు. ఇది నల్లగా, మెత్తగా, ఇంకా తడిగా ఉంది.

"నీళ్ళలో మునిగిన బండి ఇది. నీకు టోపీ పెట్టారు," అన్నాను.

"కాదన్నా. జపాన్‌లో ఒక ముసలావిడ కూరగాయలకి మాత్రం వెళ్ళేదని చెప్పారు."

"ఆ ముసలావిడ కూరగాయలకి సముద్రం అడుగుకి వెళ్ళినట్టుంది."

నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను. జపాన్‌లో కూడా సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిందని ఎవరికి తెలియదు? ఆ బండ్లు కడిగి, అత్తరు కొట్టి ఎక్కడికో పంపి ఉంటారు. మాలాంటి తెలివైనవాళ్ళం ఉన్నాంగా కొనడానికి. సముద్రం వాసనొస్తే, ఒడ్డున ఉంటున్నాం కదా అనుకుంటాం.

కొత్త రింగు వేశాను. సాకెట్‌ని అందులోకి తోసి తిప్పాను, టక్కున పట్టింది. ఊపి చూశాను, కదల్లేదు. ప్లగ్గు గుచ్చాను. మిషన్ గుర్రుమంది. మాస్కులో తెల్లటి ఆవిరి నిండింది. దమయంతి కళ్ళు మూసుకుంది.

"ఇంతే. దీనికి దారాలూ నీళ్ళూ," అని సామాను సర్దుతున్నాను. మిషన్ ఆగిపోయింది.

ప్లగ్గు ఊడి వచ్చింది. ఎవరి చెయ్యీ తగల్లేదు. మళ్ళీ గుచ్చి, ఈసారి కళ్ళు తిప్పకుండా చూశాను. ప్లగ్గు మెల్లగా, చాలా మెల్లగా బయటికి వస్తోంది. లోపల్నుంచి బొటనవేలితో నెడితే ఎలా వస్తుందో అలా. చివరికి నా చేతిలో పడింది. తడిగా ఉంది.

"స్ప్రింగు గట్టిది," అన్నాను. ఆ సాకెట్‌లో అంత స్ప్రింగు ఉండదని నాకు తెలుసు.

వెనక పిల్ల ఈల ఇంకా సన్నబడింది. ఉపుల్ కిటికీ పట్టుకుని నిలబడి, "అన్నా, తొందరగా," అన్నాడు. బెదిరింపు లేదు గొంతులో, ఏడుపు ఉంది. ఎప్పుడూ లేనిది, నాకూ కంగారు పుట్టింది.

బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు ఊడదీసి వచ్చాను. పవర్ లేకుండా చేసి సాకెట్ వెనకాల చెయ్యి పెట్టి చూడాలి. పక్కన పలక సందులోంచి చెయ్యి దూర్చాను. మణికట్టు దాకా వెళ్ళింది. వైర్లు తగిలాయి. బురద తగిలింది. అక్కడ ఇనుప రేకు తగిలి ఆగాలి. చెయ్యి ఆగలేదు. మోచేతి దాకా వెళ్ళిపోయింది...

ఈ కన్సోల్ అంత లోతు ఉండదు. ఇలాంటివి ఎన్ని విప్పలేదు నేను.

చూపుడువేలి చివర ఏదో తగిలింది. మెత్తగా, చల్లగా. ఎలుక పిల్ల అనుకున్నాను. ఎలుకలు గూళ్ళు పెడతాయి, మామూలే.

అది నా గోరు తడిమింది.

తరవాత పక్క గోరు. తరవాత వేళ్ళన్నీ... ఒక్కొక్కటీ... ఇది చెయ్యేనా అని చూసుకుంటున్నట్టు.

చెయ్యి లాగేసుకున్నాను. తోలు గీసుకుపోయింది. అప్పుడు కారు మాట్లాడింది. అదే ఆడగొంతు, అదే మర్యాద. బ్యాటరీ వైరు అక్కడ బానెట్ కింద ఊడి వేలాడుతోంది.

"బ్యాటరీ తీశావు కదన్నా?" అని ఉపుల్ గుసగుసగా అడిగాడు.

"మిగిలిన కరెంటు ఉంటుంది. నోరు మూసుకో."

నా తల లైటు వెలుగు సాకెట్ మీద పడుతోంది. పక్కన నేను తీసి పడేసిన అట్టముక్క ఉంది. వెనక పిల్ల ఊపిరి పీల్చింది. అట్టముక్క జారి వెళ్ళి సాకెట్ నోటికి అతుక్కుంది. పిల్ల వదిలింది. అట్ట ఊడి పడింది. పిల్ల పీల్చింది... అట్ట అతుక్కుంది. వదిలింది... పడింది.

పిల్ల దగ్గింది, ఊపిరి వరస తప్పింది. అట్ట మాత్రం అతుక్కునే ఉంది. లోపల్నుంచి సన్నటి ఈల వినబడుతోంది, ఎంత పీల్చినా చాలనట్టు.

చేయాల్సిన పని తొందర తొందరగా చేశాను. కటింగ్ ప్లయర్ తీసుకుని, సాకెట్‌ని రింగుతో సహా పీకి, వెనక వైర్లు రెండూ కత్తిరించి టేపు చుట్టాను. సాకెట్‌ని బల్ల మీదికి విసిరాను. బ్యాటరీ వైరు బిగించాను. అర నుంచి వేరే సాకెట్ తీశాను, పొడుగాటి వైరుకి క్లిప్పులు ఉండేది. క్లిప్పులు నేరుగా బ్యాటరీకి తగిలించి, వైరుని బానెట్ సందులోంచి, కిటికీలోంచి వెనక సీటుకి లాగాను. మిషన్ గుర్రుమంది. ఆవిరి నిండింది. ఈసారి ఆగలేదు.

కన్సోల్‌లో ఇప్పుడు ఒట్టి గుండ్రటి కన్నం ఉంది. దానికి ఇన్సులేషన్ టేపు అడ్డంగా, నిలువుగా అంటించాను. అంటిస్తుంటే టేపు లోపలికి గుంటపడింది.

పిల్ల పెదాలకి కాస్త రంగు వచ్చింది. దమయంతి రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది. నాకు దండాలంటే అసహ్యం. ఆ ఒక్కసారి మాత్రం వద్దనలేదు.

"ఏమైందన్నా లోపల?" అన్నాడు ఉపుల్.

చెప్పి ఉండాల్సింది. కానీ ఏమని చెప్పను? త్రీవీలర్‌వాడిలా కథలు చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి అవుతానా? పిల్ల ప్రాణం మీద ఉన్నప్పుడు వీళ్ళని నడిరోడ్డు మీద దింపేస్తానా? వేరే బండి ఎక్కడుంది?

"పాత సాకెట్, పనికిరాదు. తీసేశాను. ఆ కన్నం జోలికి పోకండి, షాక్ కొడుతుంది. బండి పోనియ్యి, ఎక్కడా ఆపకు," అన్నాను.

వాళ్ళు వెళ్ళాక చేతులు కడుక్కున్నాను. గోళ్ళ సందుల్లో నల్ల బురద ఎంత రుద్దినా పోలేదు. కరెంటు రాలేదు. టీ మళ్ళీ కాచుకున్నాను గానీ తాగలేదు. ఇంత వయసొచ్చి, ఎలుక పిల్లని చూసి దడుచుకున్నావు అని నన్ను నేనే తిట్టుకున్నాను. నాలుగు తిట్లు తిట్టుకుంటే కొంచెం నయమనిపించింది. షట్టరు సగం దించాను.

ఫోను మోగింది. ఉపుల్.

"అన్నా, కలుతర దాటేశాం, సగం దారి వచ్చేశాం. పాప బాగుంది. ఆయాసం తగ్గింది, ఈల కూడా లేదు."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. "మంచిది. ఆ బ్యాటరీ క్లిప్పులు ఊడకుండా చూసుకో."

"అవి బెంతొట దగ్గరే ఊడిపోయాయన్నా. గుంటలో పడ్డాం. ఆ వానలో దిగి పెట్టే టైము లేదు, పాప నీలంగా అయిపోతోంది. దమయంతి ఇంక గత్యంతరం లేక, నువ్వేసిన టేపు చింపి పాత చోటనే పెట్టేసింది."

"ఏ పాత చోట?"

"కన్సోల్‌లో. తీసేశానన్నావు గానీ లోపల వేరేది పెట్టినట్టున్నావు. నీ పని గొప్ప పనన్నా, ఇందాక ఊరికే తిట్టుకున్నాను నిన్ను. అలా దగ్గర పెట్టిందో లేదో, చేతిలోంచి అందుకున్నట్టు పట్టేసింది. ఇప్పుడు లాగినా రాదు."

నా తల లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. బల్ల మీద సాకెట్ పడి ఉంది. కత్తిరించిన రెండు వైర్లూ దానికి వేలాడుతున్నాయి.

"ఉపుల్, ప్లగ్గు పీకెయ్."

"ఎందుకన్నా? బాగా ఆడుతోందిగా."

"మందు అయిపోయుంటుంది ఈపాటికి. పీకెయ్. కారు ఆపి, పిల్లని ఎత్తుకుని దిగిపో. ఎవరి బండైనా ఆపు."

అవతల వైపర్ల చప్పుడు మధ్య అతను భార్యతో ఏదో అన్నాడు, ఆమె జవాబు చెప్పింది. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గింది.

"మందు ఎప్పుడో అయిపోయిందటన్నా. గిన్నె ఖాళీగా ఉంది... ఆవిరి మాత్రం వస్తూనే ఉంది."

"మాస్కు తీసెయ్యమను."

"చెప్పాను. పాప ఉప్పగా ఉందంటోంది... కానీ తీయనివ్వడం లేదన్నా. రెండు చేతులతో పట్టుకుని పీలుస్తోంది."