దాత: రాఘవమ్మ, పెడన

సూరయ్య అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట, రాత్రి బడిలో. అప్పట్నుంచి కంటికి కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదివితే గాని ఆయన అడుగు ముందుకు పడేది కాదు. చదువుతుంటే పెదాలు కదిలేవి. భార్య రాఘవమ్మ మాత్రం బడికి రానంటే రానంది. "ఇంట్లో ఒకళ్లు చదివితే చాల్లే. ఇద్దరం పుస్తకాలు పట్టుకుంటే కూర మాడిపోద్ది" అని వేలిముద్రతోనే కాలం నెట్టుకొచ్చింది.

ఇద్దరిదీ పెడన. సూరయ్య గుడ్డల మీద అద్దకం వేసేవాడు. చెక్క అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద దించి, పిడికిలితో రెండు దెబ్బలు వేస్తే పువ్వు లేవాలి. నలభై ఏళ్లుగా ఆయన దెబ్బ తప్పింది లేదు. అచ్చు మీద అక్షరమైనా పువ్వైనా తిరగబడి ఉంటుంది కాబట్టి, ఆయన సూటిగా ఎంత చదివేవాడో తిరగేసీ అంతే చదివేవాడు.

రెండువేల మూడులో, కార్తీకం వెళ్లాక, అద్దకం పనివాళ్ల సంఘం ఒక యాత్ర కట్టింది. పది రోజులు. నేపాలు, భూటాను. కొండదేశాల చేతిపనులు, గుళ్లు, ఆటపాటలు చూపిస్తామన్నారు. పద్నాలుగు మంది బయల్దేరారు. గైడు సీమోను బందరువాడు, నలభై దాటినవాడు, హిందీ నేపాలీ గడగడా మాట్లాడతాడు. మంగినపూడి సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బకు మించిన ఎత్తు ఎరగని మనుషులు, ఖాట్మండులో పశుపతి దర్శనం చేసుకుని, సిలిగురి మీదుగా భూటాను కొండలెక్కేసరికి నోళ్లు తెరిచారు.

"ఏవయ్యా, ఇక్కడ బోర్డులు చదవవేం?" అంది రాఘవమ్మ బస్సులో.

"ఇది వేరే లిపే."

"అయితే ఈ దేశంలో నువ్వూ నేనూ ఒకటే" అని ఆమె చీర చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

భూటానులో మూడో రోజు మధ్యాహ్నం ఒక కనుమ దగ్గర బస్సు ఆపారు. ఎండ పసుపు నీళ్లలా పల్చగా ఉంది. గుట్ట పొడుగునా, నిలువెత్తు గడలకు తెల్లటి సన్నటి జెండాలు కట్టి ఉన్నాయి, వరుసగా, లెక్కలేనన్ని. పక్కనే ఒక చిన్న మఠం. దాని చావడిలో గుండు చేయించుకున్న ముసలి సన్యాసిని ఒకామె ఆ జెండాలకే అద్దకం వేస్తోంది. మిగిలినవాళ్లు సీమోను వెంట టీకి పోయారు. సూరయ్య చావడి గుమ్మంలోనే ఆగిపోయాడు.

మసి సిరా ఎక్కువైపోయింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కాసేపు ఓర్చుకున్నాడు. ఇంక ఆయన వల్ల కాలేదు.

"అట్టా కాదమ్మా, ఇట్టా ఇవ్వు" అని తెలుగులోనే చెప్పి అచ్చు అందుకున్నాడు.

సిరా మీద తేలిగ్గా ఆనించి, తెల్లగుడ్డ మీద దించి, పిడికిలితో రెండు దెబ్బలు. లేపి చూస్తే గీత గీతా విడివిడిగా, తీర్చినట్టు పడింది. సన్యాసిని గుడ్డను వెలుగులో పట్టుకుని చూసి తల ఊపింది. జెండా నడుమ అరచెయ్యంత చోటు ఖాళీగా ఉంది. ఆమె దాన్ని వేలితో చూపించి ఏదో అడిగింది. ఆరేసిన జెండాల మీద అదే చోట చేత్తో రాసిన చిన్న మాట ఒకటి ఉంది. అన్నిటి మీదా అదే మాట.

సూరయ్యకు అర్థమైపోయింది. మనూళ్లో గుడి మెట్టు మీద, ట్యూబులైటు మీద, ఫ్యాను రెక్కల మీద ఇచ్చినవాళ్ల పేరు రాయరూ? ఇదీ అంతే. పెడన గుడిలో రెండు లైట్ల మీద ఆయన పేరే ఉంది. రాఘవమ్మ వాటిని చూసినప్పుడల్లా దెప్పేది: "అన్నిటి మీదా నీ పేరే. నా పేరున ఒక మెట్టన్నా లేదు." ఆ మాట గుర్తొచ్చి ఆయనకు ముద్దొచ్చింది. వెదురు పుల్లను సిరాలో ముంచి, గుండ్రంగా, తొందరపడకుండా రాశాడు.

దాత: రాఘవమ్మ, పెడన.

ఎవరిది అన్నట్టు సన్యాసిని చెయ్యి తిప్పింది. బయట ఎండలో కాళ్లు చాపుకుని కూర్చున్న భార్యను ఆయన చూపించాడు.

సన్యాసిని చాలాసేపు అటే చూసింది. తర్వాత మెల్లిగా వెళ్లి, రాఘవమ్మ తల మీద చెయ్యి పెట్టి, ఏదో గొణగడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి ఇంకో ముగ్గురు వచ్చారు. వేడి వేడి టీ, అన్నం, వెన్న ఆమె ముందు పెట్టారు. ఎవరూ ఆమెకు ఎదురుగా కూర్చోలేదు. ఆమె లేస్తే అందరూ పక్కకు తొలిగి, తలలు వంచి, దారి ఇచ్చారు. ఆ జెండాను అప్పుడే గడకు కట్టి వరుస చివర పాతారు.

"చూశావా, ఎంత మర్యాదో! వియ్యాలవారి ఇంట్లో కూడా ఇట్టా చూళ్లేదు" అంది రాఘవమ్మ బస్సెక్కుతూ.

"నీ పేరు రాయించా మరి" అన్నాడు సూరయ్య మీసం దువ్వుకుంటూ.

పొద్దు గుంకేసరికి కింద ఊళ్లో హోటలుకు చేరారు. చలేస్తోందని రాఘవమ్మ భోజనానికి రాలేదు. బల్ల దగ్గర ఎవరో ఆ జెండాల సంగతెత్తారు. సీమోను పచ్చిమిరపకాయ కొరుకుతూ చెప్పాడు.

"రంగురంగులవి మంచి జరగాలని కడతారండీ. తెల్లవి వేరు. పోయినవాళ్ల కోసం. ఒక్కొక్కళ్లకి నూట ఎనిమిది."

సూరయ్య చేతిలో ముద్ద ఆగింది. "నడుమ పేరు రాస్తారే... అది ఎవరిదిరా?"

"పోయినవాళ్లదే మావయ్యా. ఆ పేరు గాలికి కొట్టుకుంటుంటే, తీసుకెళ్లేవాళ్లకి మనిషి ఆనవాలు తెలుస్తుందట."

సూరయ్య లేచి చెయ్యి కడుక్కున్నాడు. గబగబా మెట్లెక్కాడు.

గదిలో రాఘవమ్మ మూడు కంబళ్ల కింద ముడుచుకుని ఉంది. కాలిన ధూపం ఆకుల వాసన, మఠంలో వచ్చిన వాసనే, గదంతా ఉంది.

"ఆ కిటికీ వెయ్యవయ్యా. గుడ్డ కొట్టుకుంటోంది."

కిటికీ వేసే ఉంది. తెరలు కదలడం లేదు.

"ఏ గుడ్డే?"

"టపటపా... టపటపా... నీకు వినపళ్లా?"

ఆయన కంబళి కింద చెయ్యి పెట్టి ఆమె పాదం పట్టుకున్నాడు. రాయి. అరచేతులతో రుద్దాడు. రుద్దుతున్నకొద్దీ చలి తన చేతుల్లోకి ఎక్కుతోంది తప్ప ఆమె పాదం వేడెక్కడం లేదు. మోకాలి దాకా అంతే. ఇంకాసేపటికి... నడుము దాకా.

"ఆగింది" అందామె చీకట్లో, ఎప్పటికో.

"ఏంటి ఆగింది?"

"గుడ్డ." చిన్నగా ఊపిరి తీసింది. "ఎవరో పట్టుకుని చూస్తున్నట్టున్నారు..."

సూరయ్య పరుగున వెళ్లి సీమోను తలుపు బాదాడు.

అంతా విని సీమోను నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేశావు మావయ్యా!"

"తిట్లు తర్వాత. జీపు మాట్లాడు."

"ఘాటు రోడ్డు. మబ్బు దిగింది. తెల్లారనీ."

"నువ్వు రాకపోతే నడిచి పోతా."

పోతాడని సీమోనుకు తెలుసు. మిగిలిన ఆడవాళ్లను రాఘవమ్మ దగ్గర కూర్చోబెట్టి, తూరుపు తెల్లబడకముందే ఇద్దరూ బయల్దేరారు. కనుమ చేరేసరికి వెలుగొచ్చింది గాని, ఏమీ కనపడదు. చుట్టూ మబ్బు. నాలుగడుగుల అవతల మనిషి కనపడడు. గాలి లేదు. గడలకు జెండాలన్నీ తడిసి, వేలాడుతూ, చడీ చప్పుడూ లేకుండా ఉన్నాయి.

ఒక్కటి తప్ప.

టపటపా... టపటపా...

చప్పుడును బట్టి సూరయ్య గడలను తడుముకుంటూ పోయాడు. సీమోను ఎక్కడో వెనకబడ్డాడు. వరుస చివర గడ ఊగుతోంది. గాలి లేకుండా ఊగుతోంది. కింది కొస అందుకున్నాడు. ముళ్లు ఒక్కొక్కటే విప్పాడు. ఆఖరి ముడి ఊడి, గుడ్డ చేతిలోకి వచ్చింది.

లాగాడు. రాలేదు.

గడకు చిక్కుకుందనుకున్నాడు. కానీ గడ ఇటు ఉంది. గుడ్డ అటు పోయి ఉంది, నడుమెత్తున, అడ్డంగా, మబ్బులోకి... బిగుతుగా.

మళ్లీ లాగాడు. అవతల నుంచి కొంచెం వదిలినట్టయింది. తర్వాత గుడ్డ మెలి తిరిగింది. కాలవ గట్టున ఉతికిన దుప్పటి పిండేటప్పుడు చెరో కొసా పట్టుకుంటారు. ఒకళ్లు కుడికి తిప్పితే ఒకళ్లు ఎడమకి. నలభై ఏళ్లు రాఘవమ్మ అట్లాగే తిప్పేది. అదే ఒడుపు... అదే బలం...

గుడ్డలోంచి నీళ్లు కారి ఆయన మోచేతుల మీదుగా దిగాయి. గోరువెచ్చగా ఉన్నాయి.

"నేనివ్వను" అన్నాడు సూరయ్య. ఇంకోసారి అన్నాడు. "ఆమెని నేనివ్వను."

రెండు చేతులకూ గుడ్డ చుట్టుకుని వెనక్కి వాలాడు. అవతలివాళ్లు ఉన్నట్టుండి వదిలేశారు. వెల్లకిలా పడ్డాడు. జెండా ఆయన గుండెల మీద ఉంది.

సీమోను వచ్చి ఆయన్ని లేపి మఠానికి నడిపిస్తే, సన్యాసిని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె గుసగుసలను సీమోను తెలుగులో చెప్పాడు.

"తగలబెట్టొద్దంటోంది. కాలిస్తే కబురు పొగలో చేరిపోద్దట. చింపొద్దు కూడా. పేరు నీళ్లకో గాలికో చెరిగిపోవాలి, అంతే."

"చెరపడం నా పనే. నలభై ఏళ్ల నుంచీ గుడ్డలు ఉతుకుతున్నా."

సన్యాసిని ఇంకో మాట అంది.

"ఏమంటోందిరా?"

"రాత్రంతా కొట్టుకుంది కదా, చదవడం అయిపోయుంటుందేమో అని..."

"ఎవరు చదవడం?"

సీమోను అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

హోటలుకు తిరిగొస్తే రాఘవమ్మ మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "ఎక్కడికి పోయావయ్యా చెప్పా పెట్టకుండా? ఆకలేసి చస్తున్నా" అంది. ఆయన ఆమె పాదాలు ముట్టుకుని చూశాడు. వెచ్చగా ఉన్నాయి. గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పెడన చేరిన మర్నాడే గుడ్డ బయటికి తీశాడు. పెరట్లో రాగి కాగులో పొద్దుటి ఎర్రరంగు నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. ఆ రంగు సంగతి ఆయనకు బాగా తెలుసు. పటిక నీళ్లతో అద్దిన చోటే ఎరుపు పడుతుంది. పటిక అద్దితే ముందు కంటికి ఏమీ కనపడదు, ఉడికాకే తేలుతుంది. పటిక తగలని గుడ్డకు ఆ రంగు నిలవదు, ఉతికితే పోతుంది. అందుకే ధైర్యంగా జెండాను అందులో పడేశాడు. కర్రతో తిప్పుతుంటే మసి సిరా విడిపోయింది. అచ్చు పోయింది. దాత పోయింది. రాఘవమ్మ పోయింది, పెడన పోయింది.

"హమ్మయ్య" అనుకుని గుడ్డను కాలవలో జాడించి, రేవు బండ మీద పరిచాడు.

తెల్లటి గుడ్డ. నడుమ, పేరున్న చోట, ఎర్రగా ఒక తెలుగు మాట తేలింది.

ఆయన రాసింది కాదు. పొందికగా, పాత రశీదుల్లో చెల్లు రాసినట్టు ఉంది. అచ్చు మీద ఉన్నట్టు తిరగబడి ఉంది. గుడ్డ బోర్లించాడు. అటు నుంచీ తిరగబడే ఉంది. మళ్లీ కాలవలో ముంచి బండకేసి బాదాడు. ముంచినకొద్దీ ఎరుపు చిక్కబడింది.

వెనకనుంచి రాఘవమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏంటయ్యా అది?"

"ఏం లేదు. మరక."

"మరకైతే పెదాలు కదుపుతున్నావేం?"

సూరయ్య గుడ్డ మడవబోయాడు. ఆమె వంగి కొస పట్టుకుంది. ఓనమాలు రాని రాఘవమ్మ, ఆ ఎర్రటి మాట కింద వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు మెల్లిగా జరుపుతూ, తడుముకోకుండా చదివింది.

"ము... ట్టి... న... ది."