లోటుదీపం

మోక్షితమ్మ గారికి ఇంకా తుమ్ము రాలేదు. రాబోతోందన్న సంగతి ఆవిడకే తెలియదు. ఈలోగా వంటగదిలో గోడగూడు తలుపు తెరుచుకుని, మడతపెట్టిన చేతిరుమాలు, గోరువెచ్చని మిరియాల కషాయం ముందుకు జరిగాయి. ఆ తర్వాత తుమ్మింది.

"తుమ్మడానికి కూడా నన్ను తొందరపెడతావేం?" అని గోడను కసిరి, కషాయం మాత్రం తాగేసింది. ఆవిడ కోపం గోడ మీదే గాని కషాయం మీద కాదు.

ఆ కాలపు ముసలమ్మల పేర్లు అలాగే ఉండేవి. పుట్టినప్పుడు ఫ్యాషన్‌గా పెట్టిన మోక్షిత, ఆద్య, శాన్వి లాంటి పేర్లన్నీ ఇప్పుడు వెనక 'అమ్మ' తగిలించుకుని, బందరు సముద్రపొడ్డున కట్టిన మేడల్లో తెల్లజుట్టు దువ్వుకుంటున్నాయి. ఆ మేడల్లో ప్రతి మనిషి చెవి వెనకా బియ్యపుగింజంత యంత్రం ఒకటి ఉంటుంది. దాని పేరు ముందెరుగు. ఒంట్లోనో మనసులోనో పుట్టబోయే అవసరాన్ని పసిగట్టి, గోడగూటి గుండా తీర్చేయడం దాని పని. ఆకలి వేయకముందే అన్నం వస్తుంది, దిగులు కమ్మకముందే పాట మొదలవుతుంది. ఇక ఎవరినైనా ఏదైనా అడగాల్సిన పనేముంది? పొరుగింటి తలుపు తట్టడం మానేసి అక్కడివాళ్లకు ఒక తరం దాటింది.

ప్రతి గుమ్మం పైనా చిన్న దీపం కూడా ఉంది. లోటుదీపం. ఇంట్లో ఎవరికైనా తీరని అవసరం మిగిలిపోతే అది పసుపురంగులో వెలుగుతుంది. ఆ మేడలో అది వెలగగా చూసినవాళ్లు లేరు. వరండాలన్నీ మసకమసకగా ఉండేవి, ఆ మసకే తమ గొప్పని అక్కడివాళ్లు చెప్పుకునేవారు.

మోక్షితమ్మ మాత్రం అక్కడికి కొత్త. దివిసీమలో ఆవిడ ఉండే లంకను సముద్రం మింగేశాక, ఒక పొయ్యి, నాలుగు స్టీలు గిన్నెలు, మంచం కిందికి ఒక రోలు వెంటబెట్టుకుని వచ్చి చేరింది. లంకలో గోడగూళ్లు లేవు. ఉప్పు నిండుకుంటే పక్కింటికి వెళ్లాల్సిందే, వెళ్తే గంటసేపు కూర్చోవాల్సిందే.

ఆ ఉదయం తలుపు తీసేసరికి ఎదురింటి గుమ్మానికి బంగారురంగు పలక వేలాడుతోంది. 'పూర్ణతృప్తులు తనుష్ గారికి శుక్రవారం దీర్ఘశయనం. అభినందనలు.' దీర్ఘశయనమంటే చల్లని గాజుపెట్టెలో ఏళ్ల తరబడి నిద్ర. ఏ లోటూ లేనివాళ్లకు తృప్తిమండలి ఇచ్చే గౌరవం అది. వెళ్లినవాళ్లను లేపమని ఎవరూ అడగలేదు, ఎవరినీ లేపలేదు.

మోక్షితమ్మ ఆ పలకను రెండుసార్లు చదివింది. ఎదురింటాయన గట్టిగా అరవై ఏళ్లవాడు కూడా కాదు. వెళ్లి ఏం చెప్పాలో తోచలేదు. చదువుకున్న మాటలు ఆవిడ దగ్గర లేవు. అందుకని గుత్తివంకాయ కూర చేసి, గిన్నెలో పెట్టుకుని, వెళ్లి తలుపు తట్టింది.

లోపల తనుష్ గారు గొట్టమేదో పగిలిందనుకున్నాడు. తలుపు తెరిచి పైకీ కిందికీ చూశాడు.

"ఏం పగిలిందండీ?"

"ఏమీ పగల్లేదు. నేను తలుపు కొట్టాను. ఎదురింటిదాన్ని. వంకాయ కూర చేశాను, తీసుకోండి."

"నాకు ఆకలిగా లేదండి. ఉంటే వచ్చేసుండేది."

"మీకు ఆకలని తెచ్చానా? చేశాను గనక తెచ్చాను."

ఆయన గిన్నె అందుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియనట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"శుక్రవారం ఎందుకండీ వెళ్లడం?" అంది మోక్షితమ్మ. దాచుకోవడం ఆవిడకు చేతకాదు.

"ఉండి చేసేదేముందండీ? మా నాన్నా నేనూ తొక్కుడు లడ్డు చేసేవాళ్లం. మా కొట్టు ముందు జనం బారులు తీరేవాళ్లు. ఇప్పుడు ఆ లడ్డు గోడే చేస్తుంది, అచ్చం మా నాన్న చేసినట్టే. నాకు ఏమీ తక్కువ లేదు. నా వల్ల ఎవరికీ ఏమీ కావలసినదీ లేదు."

బస్సు వేళ చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఏడ్చినా బాగుండేదనుకుంది మోక్షితమ్మ. "గిన్నె తర్వాత పంపండి" అని మాత్రం అని వచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మండలి నుంచి శ్రీనిక అనే అధికారిణి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో, మాట మెత్తన. వెనక ఇద్దరు మనుషులు చక్రాల మంచం తోసుకొచ్చారు. ముగ్గురూ గుమ్మం ముందు ఆగిపోయి తలలెత్తి చూశారు. లోటుదీపం వెలుగుతోంది.

"మీకేం కావాలండీ?" శ్రీనిక గొంతులో కంగారు.

"నాకే అంతు చిక్కట్లేదమ్మా," అన్నాడు తనుష్ గారు. "గిన్నె కడిగి బల్ల మీద పెట్టాను. అది అక్కడ కూర్చుని నన్నే చూస్తున్నట్టుంది. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా అమ్మ అనేది. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి పంపేది."

"అంతేనా!" శ్రీనిక ఊపిరి పీల్చుకుంది. అప్పటికే గోడగూట్లోంచి గుండ్రటి లడ్లు పళ్లెం నిండా వచ్చాయి. ఆయన వాటిని గిన్నెలో వేశాడు. దీపం ఆరలేదు. కాసేపు చూసి మళ్లీ పళ్లెంలోకి ఒంపేశాడు.

"ఇవి గోడ ఇచ్చినవి. నేనిచ్చినట్టెట్టా అవుతుంది?"

"పోనీ, గిన్నె నేనే ఇచ్చేస్తాను," అని శ్రీనిక ఖాళీ గిన్నె పట్టుకుని ఎదురింటికి నడిచింది. మోక్షితమ్మ గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఖాళీ గిన్నె నా గడప దాటదు తల్లీ. మా లంక మునిగింది గాని మా మర్యాద మునగలేదు."

"అయ్యో, మీకు అర్థం కావట్లేదండీ. లోటున్న మనిషిని నిద్రపుచ్చకూడదు. అది మా మొదటి నియమం."

మోక్షితమ్మ చేతులు మెల్లగా దించింది. "ఏమన్నావూ? ఆ దీపం వెలుగుతుంటే తీసుకెళ్లరా?"

"తీసుకెళ్లకూడదండి."

ఆ పలక చూసినప్పటి నుంచీ గుండెల మీదున్న బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది ఆవిడకి. గొంతు పెంచింది. "తనుష్ గారూ! నాకు గోడ లడ్లు వద్దు. మీ చేత్తో చేసినవైతేనే గిన్నె తీసుకుంటాను. తొందరేం లేదు, నిదానంగా చెయ్యండి!"

ఆయన చేతులు నలుపుకున్నాడు. శనగపిండి, నెయ్యి, బెల్లం గోడ ఇస్తుంది. జంతికలు వేయించడానికి మోక్షితమ్మ పొయ్యి ఉంది. దంచడమెట్టా? తొక్కుడు లడ్డంటే దంచడమే కదా. "మీ దగ్గర రోలుందా అండీ?" అని అడిగాడు. మనిషిని అలా అడిగి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

మంచం కింద రోలు పెట్టుకుని, "నా దగ్గరెక్కడిదండీ, ఇరుగుపొరుగును అడగండి," అని మోక్షితమ్మ నిక్షేపంలాంటి అబద్ధమాడింది.

ఆయన అడగడానికి బయల్దేరాడు. మొదటి ఇంటివాళ్లు భయపడి తలుపు తీయలేదు. రెండో ఇంట్లో రోలంటే ఏమిటన్నారు. మూడో ఇంట్లో శాన్వమ్మ అనే ఆవిడ చాలాసేపు ఆలోచించి, "పూలకుండీ కింద ఒక రాయుంది, అదేనా?" అంది. అదే. కుండీ దించి ఇద్దరూ కలిసి దొర్లించుకొచ్చారు. రోకలి ఎక్కడా దొరకలేదు. పై అంతస్తులో ఒకప్పటి పహిల్వాను వ్యాయామం చేసే ఇనప గుండు కడిగి తెచ్చి, "నా దగ్గరికి ఒకరు అడగడానికి రావడం!" అని ఊరికే మురిసిపోతూ తనే మొదటి దెబ్బ వేశాడు.

వరండాలో దంపుడు మొదలైంది. మూసిన తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. వేయించిన శనగపిండి జంతికలు నలుగుతుంటే వచ్చే వాసన అలాంటిది. శాన్వమ్మ జల్లెడ పట్టింది. భయపడిన మొదటి ఇంటాయన కూడా వచ్చి, చొక్కా చేతులు మడిచి, "నాకో వాయి ఇవ్వండి," అన్నాడు. తనుష్ గారు పాకం చూస్తూ అందరినీ అదిలిస్తున్నాడు. "అట్టా కాదండీ, పైపైన కాదు, అడుగునుంచి కలవాలి!" మోక్షితమ్మ గుమ్మంలో కూర్చుని పమిట కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ కళ్లనీళ్లు సంతోషానివి, అవి రాబోతున్నాయని ముందెరుగు చేతిరుమాలేమీ పంపలేదు.

లడ్లు తయారయ్యాయి. సాయపడ్డవాళ్లందరికీ ఆయన తన గిన్నెల్లోనే పెట్టి పంపాడు. ఆ గిన్నెలు గడప దాటి లోపలికి వెళ్లినకొద్దీ గుమ్మాల మీద దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. శాన్వమ్మ ఇంటి మీద, పహిల్వాను ఇంటి మీద, భయపడినాయన ఇంటి మీద. గిన్నె ఖాళీగా తిరిగి ఎలా పంపడం? ఏం చేసి పంపడం? గోడగూళ్లు కంగారుపడి మిఠాయిలూ పళ్లూ కుమ్మరించాయి. ఒక్క దీపమూ ఆరలేదు. మరొకరికి అక్కరకు రావాలన్న ఆకలి ముందెరుగు చేసినవాళ్ల లెక్కలోకే రాలేదు. వరండా పొడుగునా పసుపు వెలుగు పరుచుకుంది, మనుషులు ఒకరి ముఖాలొకరు సరిగ్గా చూసుకున్నారు.

చివరికి తనుష్ గారు మోక్షితమ్మ గిన్నె నిండా లడ్లు పేర్చి, తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. ఆయన గుమ్మం మీది దీపం ఆరిపోయింది.

శ్రీనిక తలెత్తి ఆరిన దీపాన్ని చూసింది. తర్వాత అతి మెల్లగా, "మీ లోటు తీరిందండి. మంచం సిద్ధంగానే ఉంది. ఇక మీ ఇష్టం," అంది.

అందరూ మోక్షితమ్మ వైపు చూశారు. అమృతంలా ఉందనవచ్చు, దణ్ణం పెట్టి వెళ్లొద్దనవచ్చు. ఆవిడ లడ్డు ఒకటి తీసి కొరికింది. నిదానంగా నమిలింది.

"పాకం ముదిరింది," అంది. "పొడి కూడా బరగ్గా ఉంది. మీ నాన్నగారు ఇట్టాగే చేసేవారా?"

శ్రీనిక నోరు తెరిచింది. ఇంత మొహం మీద చెప్పడం ఆ పిల్ల పుట్టి ఎరగదు. తనుష్ గారు ఆ గిన్నెలోంచే ఒకటి తీసుకుని చిదిమి నోట్లో వేసుకున్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"లేదండీ. మా నాన్న చేస్తే నాలిక మీద కరిగిపోయేది. ఇది... ఇది లడ్డు కాదు. రేపు చేస్తాను చూడండి. రేపు సరిగ్గా చేస్తాను."

ఆయన గుమ్మం మీద దీపం మళ్లీ వెలిగింది. ఆయన దాన్ని చూడనే లేదు. చక్రాల మంచం పట్టుకున్న ఇద్దరి వైపు తిరిగి, "అది తీసుకెళ్లిపోండి బాబూ, రోటికి అడ్డంగా ఉంది," అన్నాడు.