రాత్రి సీటు

నమ్మని వాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, ఎవరూ ఎత్తుకుపోలేదు. సగం కథ విని ముక్కు మీద వేలేసుకుని "ఇదెక్కడి విడ్డూరం" అనేవాళ్ళంటే నాకు గిట్టదు. నా కథ విన్నాక పట్టపగలు దీపం పెట్టుకుని పడుకున్న పోలీసులున్నారు. ఒక స్టేషన్లో నేను సగంలో ఆపితే, మిగతా సగం వినేదాకా జనం రైలు కదలనివ్వలేదు. కాబట్టి దమ్మున్నవాళ్ళే కూర్చోండి. కూర్చునే ముందు మీ కుర్చీ ఖాళీగా ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.

అదొక పెద్ద రాజధాని. ఎంత పెద్దదంటే ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర వినబడేలోపు వాళ్ళకి జలుబు తగ్గిపోతుంది. ఎంత ఖరీదైనదంటే, తమ నీడకి కూడా అద్దె అడుగుతారేమోనని జనం గోడవారగా నడుస్తారు. ఆ ఊళ్ళో ఇళ్ళ ప్లాన్లు గీసే కుర్రాడొకడు ఉండేవాడు. చేతివేగం చూసి మేనమామ చిన్నప్పుడే "తుఫాను" అని పేరు పెట్టాడు, అదే ఖాయమైంది. తుఫాను గీత గీస్తే స్కేలు తన వంకర చూసుకుని సిగ్గుపడేది. ఒకసారి టీ చల్లారేలోపు ఒక వీధి ఇళ్ళన్నీ గీసి పడేసి, టీ ఇంకా వేడిగానే ఉందని పక్కసందు కూడా గీశాడు.

అతని కంపెనీకి ఆఫీసంటూ లేదు. ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో గీయాల్సిందే. కానీ ఇల్లు కట్టించుకునే ఆసామి ఎప్పుడు పిలిస్తే అప్పుడు స్థలం దగ్గర వాలాలి కాబట్టి, రాజధానిలో కాపురం లేనివాణ్ణి వాళ్ళు ఉంచుకోరు. ఈ ముక్క మేనమామ బుర్రకెక్కేది కాదు. ఫోన్ చేసినప్పుడల్లా అదే దెప్పు.

"ఇంట్లో కూర్చునే ఉద్యోగానికి అంత దూరం దేనికిరా అల్లుడూ? మా వసారాలో కూర్చో, ఫ్యాను కూడా వేస్తాను."

ఆ వసారా వెనకాలే మామయ్య సిమెంటు కొట్టుంది. ఉద్యోగం ఊడితే తను బస్తాల మధ్య స్టూలు మీద కూర్చోవాలని, వచ్చేపోయేవాళ్ళందరికీ మామయ్య "మావాడు రాజధాని చూసొచ్చాడు" అని పరిచయం చేస్తాడని తుఫానుకి తెలుసు. దానికన్నా చావు నయమనుకునేవాడు పాపం. అప్పటికి చావు సంగతి పెద్దగా తెలీదు కదా.

అతను గీసే ఇళ్ళలో స్నానాల గదులు కూడా అతనున్న చోటుకంటే పెద్దవి. పడక నడవలో అటక మీద, నిచ్చెనెక్కి పాకాలి. పని చేసుకునేందుకు కిటికీ ఉన్న గదొకటి, ఇరుకుది. అందులో ఒక బల్ల, దాని మీద కంప్యూటరు, ఒక చక్రాల కుర్చీ. ఆ గదికి పూర్తి అద్దె కట్టే తాహతు ఎవరికుంది? ఇంటావిడ దాన్ని పూటల లెక్కన ఇచ్చింది. పొద్దు పొడిచింది మొదలు వీధిదీపాలు వెలిగేదాకా తుఫానుది. ఆ తరవాత ఇంకొకాయనది. దీపం వెలగ్గానే లేవాలి, కుర్చీ ఖాళీగా వదలాలి, తలుపు దగ్గరగా వేసి వచ్చెయ్యాలి.

పని తెగక కాస్త ఆలస్యమైతే ఎలాగండీ అని తుఫాను అడిగాడు.

ఇంటావిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "లేవండి బాబూ. ఆయన మొహమాటపడే మనిషి కాదు," అంది.

తుఫాను నవ్వేశాడు.

ఆ రెండో ఆయన్ని అతను ఒక్కనాడూ చూడలేదు. గదికి ఇంకో తలుపుంది, వెనక మెట్ల వైపు. అటునించి వచ్చి అటే పోతాడనుకున్నాడు. విచిత్రమేమిటంటే ఆయనదీ అదే కంపెనీ. పగలు తుఫాను సగం గీసిన ప్లాను చీకటి పడగానే ఆయనకి అప్పజెప్పాలి, ఆయన అక్కణ్ణించి అందుకోవాలి. అక్కడ పని జరిగే తీరే అది. ప్లాను మీద పేరుండదు. తుఫాను పని కింద "పగటి సీటు" అని, ఆయన పని కింద "రాత్రి సీటు" అని పడుతుంది, అంతే.

పొద్దున్నే తుఫాను వచ్చేసరికి కుర్చీ అడుక్కంటా దిగి ఉండేది. పైకి లేపుకునేవాడు. కూర్చుంటే నీళ్ళకుండని ఒళ్ళో పెట్టుకున్నట్టు చల్లగా, చెమ్మగా తగిలేది. గదిలో తడిసున్నం వాసన. కిటికీ తెరుచుకుని కూర్చుంటాడు కాబోలు దొరబాబు, అని విసుక్కునేవాడు. విసుగైతే పరవాలేదు. అసలు బాధ ప్లాను తెరిచాక మొదలయ్యేది. తను నిన్న కుస్తీ పట్టి వదిలేసిన మెట్లు అక్కడ నదిలో అలల్లా మలుపు తిరిగి ఉండేవి. తను ఇరికించలేక చచ్చిన వంటగది, దానంతటదే తప్పుకుని చోటిచ్చినట్టు అమరి ఉండేది.

కంపెనీలో పెద్ద మేడమ్ పొద్దుటి మీటింగులో అందరి ముందూ రాత్రి సీటునే మెచ్చుకునేది. ఆ మెట్లు చూశారా, ఆ వెలుతురు చూశారా అంటూ. పునాది నుంచి గోడల దాకా లేపింది తుఫాను. పేరు మాత్రం అవతలివాడికి. సొమ్మొకడిది, సోకొకడిది. అతని కడుపులో రాజుకున్న కుంపటి మీద వాడకట్టంతటికీ స్నానాలకి నీళ్ళు కాచొచ్చు. మీటింగులో కెమెరా కూడా పెట్టని మనిషి, ఎలా ఉంటాడని మేడమ్‌ని అడిగాడు. నేను చేరక ముందునుంచీ ఉన్నాడు, ఆయన పనే మాట్లాడుతుంది, అందావిడ. కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు పడ్డాయి.

ఆ గదికి ప్లైవుడ్డు గోడ అవతల బట్టలు కుట్టే ఒకావిడ ఉండేది. మేడలో అందరికీ మిషను పిన్ని. రాత్రివాడు ఎలాంటివాడని ఆవిణ్ణి వాకబు చేశాడు. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూ, కంప్యూటర్ మీటల చప్పుడు వినబడుతుంది కానీ మనిషి అలికిడి లేదంది. నీళ్ళు తాగడు, కుర్చీ జరపడు, బయటికి రాడు.

"మనిషన్నాక ఒక్కసారైనా దగ్గడా నాయనా?" అంది గొంతు తగ్గించి.

ఇంకొకడైతే ఆ మాటకి పెట్టె సర్దుకునేవాడు. మనవాడికి ఇంకా ఒళ్ళు మండింది. దగ్గను కూడా దగ్గడా! అంత ఏకాగ్రతా! అసూయ పట్టినవాడికి దెయ్యంలో కూడా సుగుణాలే కనబడతాయి మరి.

అంతలో ఒక పెద్ద బంగళా పని వచ్చింది. ఎంత పెద్దదంటే దాని వరండాలో కబురు పంపాలంటే సైకిలు కావాలి. దాంతోపాటే మేడమ్ బాంబు కూడా పేల్చింది. ఒక కుర్చీకి ఇద్దరెందుకు, బంగళా పూర్తయ్యాక ఒక్కరినే ఖాయం చేస్తాం, ఎవరి చెయ్యి బాగుందనిపిస్తే వాళ్ళని, అని. తుఫాను కళ్ళ ముందు సిమెంటు బస్తాలు వరసకట్టి నిలబడ్డాయి.

ఇక మర్యాద గాలికి వదిలేశాడు. సాయంత్రం పని అప్పజెప్పేటప్పుడు పైఅంతస్తు భాగం చెరిపేసి, తన దగ్గర దాచుకుని పంపాడు. చూద్దాం వీడి తెలివి అనుకున్నాడు. తెల్లారి తెరిస్తే పైఅంతస్తు ఉంది. తను గీసి దాచినట్టే ఉంది. అంతేకాదు... ఇంకా గీయకుండా, రాత్రంతా అటక మీద పడుకుని బుర్రలో మాత్రమే తిప్పుకున్న గుండ్రటి మేడగది కూడా ఉంది. కిటికీలతో సహా.

ఎవరికైనా అక్కడ వెన్నులో చలి పుడుతుంది. తుఫానుకి మాత్రం ఒకటే మాట తోచింది. నా ఊహ కూడా దోచేశాడు.

బంగళా ప్లాను ఇవ్వవలసిన రోజు రానే వచ్చింది. ముఖద్వారం ఒక్కటే మిగిలింది. శీతాకాలం, దానికి తోడు ముసురు. టీ వేళకే వెలుతురు నీరుకారిపోయింది. ఇంటావిడ కూతురింటికి వెళ్ళింది. గోడ అవతల పిన్ని మిషను కాసేపు గడగడలాడి ఆగిపోయింది. కిటికీ కింద బండ్లు బురదలో జరజరా పాకుతున్నాయి. తుఫాను నిశ్చయించుకున్నాడు. ఇవాళ అప్పజెప్పేది లేదు. ముఖద్వారం తనే పూర్తి చేస్తాడు. వాడొస్తే ముఖాముఖీ తేల్చుకుంటాడు.

వీధిదీపం వెలిగింది.

లేవలేదు.

వాడు వచ్చే దారి కదా అని వెనక తలుపు వైపు చూశాడు. ఇన్నాళ్ళూ దాని వంక సరిగా చూడనే లేదు. తలుపుకీ గుమ్మానికీ మధ్య సందు లేదు. రంగు మీద రంగు పడి రెండూ ఒకటైపోయాయి. గొళ్ళెం గోడలోకి కరిగిపోయినట్టుంది. అది తెరుచుకుని ఏళ్ళయి ఉంటుంది...

తడిసున్నం వాసన వేసింది.

కంప్యూటర్ తెర మీద మాత్రమే వెలుతురు. చలి కాళ్ళ దగ్గర మొదలైంది. మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఎదుట ఎవరో నిలబడి వేచి చూస్తున్నట్టు... మర్యాదగా వేచి చూస్తున్నట్టు.

అప్పుడు కుర్చీ దిగడం మొదలెట్టింది.

స్‌స్‌స్... అని నిట్టూరుస్తూ, మెల్లగా. తుఫాను కుర్చీ మీట ముట్టుకోలేదు. కుర్చీ మీద బరువు పడుతోంది. తొడల మీద... చల్లటి బరువు. ఛాతీకి ఒక వీపు ఆనింది. చుబుకానికి తడిజుట్టు తగిలింది. ఒళ్ళో కూర్చున్నారు ఎవరో. అతని చేతుల మీదుగా రెండు చేతులు చాచుకుని, వేళ్ళ మీద వేళ్ళు పెట్టారు.

గుసగుసగా వినబడింది.

"లేవండి. నా పూట."

కాళ్ళు పరిగెడదామన్నాయి. గుండె ముందే పరిగెత్తింది. తెర మీద బంగళా వెలుగుతోంది, ముఖద్వారం దగ్గర చిన్న ఖాళీ. లేస్తే ఆ ఖాళీని వీడు నింపుతాడు. పొద్దున్నే మేడమ్ ఆ గుమ్మాన్నే మెచ్చుకుంటుంది. భయం ఒకవైపు లాగింది, అసూయ ఇంకోవైపు లాగింది. మీరు పులుల్ని చూసి ఉంటారు. అసూయ ముందు పులి పిల్లి.

"లేవను," అన్నాడు. "ఈ ఇల్లు నాది."

వాన చప్పుడు... తెర గుయ్యిమనే చప్పుడు...

"సరే," అంది ఆ గొంతు, చెవి పక్కన కాదు, చెవి లోపల. "కూర్చుందాం."

బరువు తగ్గింది. పైనుంచి తగ్గింది. లోపలికి దిగింది.

గోడ అవతల కునుకు తీస్తున్న పిన్ని ఉలిక్కిపడి లేచింది. రేకుల మీద వడగళ్ళ వాన పడుతోందనుకుంది. కాదు, మీటల చప్పుడు. ఒక మనిషి చేతులకి అన్ని వేళ్ళుండవు. ప్లైవుడ్డు మీద కొట్టింది. ఆగలేదు. చున్నీ కప్పుకుని వెళ్ళి తలుపు తోసింది.

తుఫాను ఒక్కడే ఉన్నాడు. కుర్చీ నేల దాకా దిగిపోయి, మోకాళ్ళు చుబుకం దాకా లేచి ఉన్నాయి. కళ్ళార్పడం లేదు.

లే నాయనా, ఆ పని తగలెయ్యి, బయటికి రా, అని బతిమాలింది పిన్ని. భుజం పట్టుకుంటే ఆవిడ చెయ్యి చెమ్మ అయింది.

అతను తల తిప్పలేదు. "నేను లేస్తే ఆయన కూర్చుంటాడు పిన్నీ," అన్నాడు. నిన్నటిదాకా వాడు, వీడు అన్నవాడు.

మర్నాడు మేడమ్ మీటింగంతా ఆ గుమ్మం దగ్గరే ఆపేసింది. అలాంటి ముఖద్వారం తన సర్వీసులో చూడలేదట. అక్కడికక్కడే ఉద్యోగం తుఫానుకి ఖాయం చేసింది. రాత్రి సీటు ఏమైందని ఎవరూ అడగలేదు. తుఫాను పగలూ రాత్రీ తనే చేస్తానన్నాడు, చేస్తున్నాడు కూడా. ఇంటావిడ తిరిగొచ్చి, విషయం విని, ఇక గదికి ఇద్దర్ని వెతికే పని తప్పిందని ఊపిరి పీల్చుకుంది. మేనమామైతే సిమెంటు కొన్నవాళ్ళకీ కొననివాళ్ళకీ అల్లుడి సంగతి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాడు. గెలిచాడు కదండీ మనవాడు. అవతలివాడికి ఒక్క గీత కూడా మిగల్చకుండా గెలిచాడు.

ఉద్యోగం ఖాయమైనవాళ్ళ ఫోటో కంపెనీ అడుగుతుంది. దానికి కొత్త చొక్కా కావాలన్నాడు తుఫాను. పిన్ని కొలతలు తీసుకోవడానికి గదిలోకి వచ్చింది, పగటిపూటే, తలుపు బార్లా తెరిచి పెట్టి. కుర్రాడు వెదురుబద్దలా సన్నగా ఉంటాడు. పిన్ని కొలత టేపు కుర్చీలో కూర్చున్నవాడి వీపు వెనకనుంచి తిప్పి ఛాతీ ముందుకి తెచ్చింది. కొసలు కలవలేదు.

మళ్ళీ లాగింది. కలవలేదు. టేపు ఎక్కడా మెలిపడలేదు, దేనికీ చిక్కుకోలేదు. అతని ఛాతీకీ టేపుకీ మధ్య జానెడు ఖాళీ కనబడుతోంది. ఆ ఖాళీ మీదే టేపు బిగుతుగా సాగి ఉంది. పిన్ని వేలితో అక్కడ నొక్కి చూసింది.

మెత్తగా తగిలింది.

తుఫాను కిందికి చూశాడు, ఒళ్ళో నిద్రపోతున్న పిల్లవాణ్ణి లేపకుండా మాట్లాడే మనిషిలా.

"కాస్త వదులుగా కుట్టండి పిన్నీ."

ఇంకా అనుమానం ఉంటే నన్నడగొద్దు. ఆ మేడలో ప్లైవుడ్డు గోడకి అవతలి గది, ఎవరిని అడిగినా చూపిస్తారు. ఆ చొక్కా ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది, సగం కుట్టి వదిలేసింది. పేరు మిషను పిన్ని.