సీలు విప్పని ఎర్ర రోబో

"అయ్యయ్యో! ఆపండి మేడం, ఆపండి! కోసేసినారా?"

గాంధీరోడ్డులో బాలసుబ్రమణ్యం ఫ్యాన్సీ స్టోరు. ఆ కేక విని, గాజులు బేరమాడుతున్న ఇద్దరాడవాళ్లు ఎవరికో చెయ్యి తెగిందనుకుని వెనక్కి తిరిగారు. తెగింది చెయ్యి కాదు, సీలు. జపానులో పుట్టి, ఓడెక్కి చెన్నైకి, రైలెక్కి తిరుపతికి వచ్చిన ఒక రోబో బొమ్మ పెట్టె మీది గుండ్రటి సీలు. కోసింది జడపిన్నుతో ఒక అమ్మాయి. కేకేసింది మునికుమార్.

"ఏమైందండీ?" అంది ఆ అమ్మాయి, పిన్ను మళ్లీ జడలో గుచ్చుకుంటూ.

"ఏమైందా? ఏడు నెల్లు కాసుకోనుండాను దానికోసరం! ఏడు నెల్లు!"

"నేనూ ఏడు నెల్లే. ఇది నా పెట్టె. సూడండి, చీటీ మింద పేరుండాది. మోహన, చిత్తూరు."

బాలసుబ్రమణ్యం కౌంటరు కిందికి వంగి ఇంకో పెట్టె తీసి పైన పెట్టాడు. "తంబీ, నీది ఈడుండాది. పరాయోళ్ల పెట్టెకి నువ్వేల ఏడస్తావు?"

మునికుమార్ నోరు మూతపడింది. కానీ ఎంతసేపు? అర నిమిషం.

2004లో అలాంటి బొమ్మలు తిరుపతి దాకా వాటంతట అవి వచ్చేవి కావు. బాలసుబ్రమణ్యం దగ్గరున్న రంగుల పుస్తకంలో ఫోటో చూసుకుని, ఆరేడు నెలల ముందే పేరు రాయించుకోవాలి. జపాను వాళ్లు ఆలస్యమంటే ఇంకో మూడు నెలలు ఆగాలి. కొండ మీద ధర్మదర్శనం క్యూలో కూడా ఇంత ఓపికున్న జనాన్ని చూడలేదనేవాడు బాలసుబ్రమణ్యం. జిల్లా మొత్తం మీద అలాంటి పిచ్చివాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురిలో ఒక ఆడపిల్ల ఉందని మునికుమార్‌కి ఆ రోజే తెలిసింది.

"మేడం, ఏమనుకోవద్దండి. సీలు ఇప్పేస్తే అది ఉత్త బొమ్మ. ఇప్పకుంటేనే కలెక్షన్."

"ఇప్పకపోతే లోపలుండేది బొమ్మో ఇటికరాయో నీకెట్ట తెలుస్తాది?"

"నమ్మకం."

"అబ్బో! నమ్మకమంట! ఇట్టా సూడు." ఆమె రోబో ఛాతీ మీద గోటితో నొక్కింది. చిన్న తలుపు తెరుచుకుంది. లోపల కుర్చీలో, బియ్యపుగింజంత చేతులతో, చిటికెనవేలి గోరంత మనిషి కూర్చున్నాడు. రోబోని నడిపేవాడు.

మునికుమార్ ఇంట్లో బీరువా నిండా రోబోలున్నాయి. ఒక్కదాని ఛాతీ తలుపు కూడా అతను తెరిచి చూసిన పాపాన పోలేదు. ఆ మనిషిని చూడడానికి మెడ ఎంత ముందుకి వంచాడంటే, అతని నెత్తి పోయి ఆ అమ్మాయి నెత్తికి టప్పున కొట్టుకుంది.

"ఇంకోసారి కొట్టు. ఒకసారికే ఊరుకుంటే కొమ్ములొస్తాయి," అంది మోహన.

రెండోసారి కూడా కొట్టి, మన మునికుమార్ ఇంటికొచ్చేదాకా నెత్తి తడుముకుంటూనే ఉన్నాడు. నొప్పికి కాదు.

* * *

ఆ ఏడుగురికీ కంప్యూటర్లో ఒక గ్రూపుండేది. శనివారం మధ్యాహ్నం ఎవరి ఊళ్లో వాళ్లు నెట్ సెంటరుకి వెళ్లి కూర్చుని కబుర్లు టైపు చేసుకునేవాళ్లు. ఏ రోబోకి ఏ కత్తి, ఏ రంగు బాగుంది, ఎవరింట్లో ఎవరు తిట్టారు, ఇవే. మోహన చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతికొచ్చి ఎంసీఏ చదివేది. మునికుమార్‌కి ఒక మందుల ఏజెన్సీలో పని. అట్టపెట్టెలు వ్యానులో వేసుకుని పూతలపట్టు, చిత్తూరు, పలమనేరు తిరగడం.

అతనికి వేళాకోళం కాస్త ఎక్కువ. ఒకసారి బాలసుబ్రమణ్యం గొంతు పెట్టి మోహన ఇంటికి ఫోన్ చేశాడు.

"పాపా, నీ బొమ్మ వచ్చే ఓడ మునిగిపొయ్యిందిమ్మా."

"అయ్యో, మరి బొమ్మ?"

"ఈత కొట్టుకుంటా వస్తా ఉండాది. రెండు నెల్లు పట్టొచ్చు."

"సరే అన్నా. రాగానే తలకి తువ్వాలు చుట్టి, మిరియాల కషాయం తాపించి పెట్టు. ఆ మునికుమార్‌కి గూడా రొంత తాపించు. గొంతు మార్చి మార్చి పాపం బొంగురు పొయ్యుంటాది."

అట్లాంటి పిల్ల. ఎక్కడ పట్టుకున్నా జారనిచ్చేది కాదు.

ఒక శనివారం గ్రూపులో శ్రీకాళహస్తి శ్రీనివాసులు మాస్టరు అడిగాడు: "మునీ, ఈ జన్మలో ఒక్క సీలన్నా ఇప్పుతావా?"

మునికుమార్ వేళ్లు టకటకలాడాయి. "ఇప్పుతా సార్. నేను చేసుకోబొయ్యే పిల్ల వచ్చి ఇప్పమని అడిగితే ఆ దినం ఇప్పుతా. అంతదాకా ఎవురు కాళ్లు పట్టుకున్నా ఇప్పను!"

అందరూ నవ్వు బొమ్మలు పంపారు. మోహన మాత్రం ఒక్క మాట పంపింది: "రాసి పెట్టుకుంటా."

మునికుమార్ ఆ సాయంత్రం బజ్జీలు తిన్నాడు. బజ్జీలతో పాటు ఆ మాట కూడా అరిగిపోయింది.

ఏడాది గడిచింది. ఇప్పుడు మునికుమార్‌కి శనివారం తప్ప వారంలో వేరే రోజులు ఉన్నట్టే తెలియడం లేదు. మనసులో మాట చెప్పేయాలి. ఎట్లా? ఉట్టి చేతుల్తో చెబితే ఏం బాగుంటుంది? నవంబరులో తెల్ల రోబో వస్తుంది. రెండు రాయించాడు, ఒకటి ఆమె పేరున. అది చేతిలో పెట్టి చెప్పాలనుకున్నాడు. జపాను వాళ్లు నవంబరు కాదు ఫిబ్రవరి అన్నారు. మన మొనగాడు కూడా, సరే, మనం కూడా ఫిబ్రవరిలోనే చెబుదాం అనుకున్నాడు. బొమ్మ ఆలస్యమైతే ప్రేమ ఆగుతుందేమో గానీ, ఊళ్లో పెండ్లిచూపులు ఆగుతాయా?

* * *

అక్టోబరులో ఎర్ర రోబో, నీలం రోబో వచ్చాయి. ఎర్రది అతనిది, నీలం ఆమెది. మునికుమార్ పలమనేరు డ్యూటీలో ఉన్నాడు. "నాది గూడా నువ్వే తీసుకో, ఎల్లుండి పూతలపట్టులో కలుస్తా," అన్నాడు ఫోనులో.

ఆ రోజు పూతలపట్టులో వాన. సన్నగా మొదలై, బస్సు దిగేటప్పటికి చెప్పులు చేత్తో పట్టుకునేంత అయింది. మోహన తడిసింది గానీ పెట్టె తడవలేదు. చున్నీలో చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చింది. టీ అంగడి రేకుల కింద ఇద్దరూ నిలబడ్డారు. రేకుల మీద వాన ఎంత గోలగా ఉందంటే ఏ మాటైనా గట్టిగా అనాల్సిందే.

"తీసుకో. ఈడే ఇప్పు!"

"ఏందీ?"

"ఈడే, ఇప్పుడే, ఇప్పు అంటా ఉండా!"

మునికుమార్ పెట్టె తిప్పి చూశాడు. సీలు ఒక పక్కకి ఒరిగి ఉంది. వాడి కన్ను అట్లాంటివి వదిలిపెట్టదు. ఎవరో విప్పి మళ్లీ అంటించారు. ఎవరో ఏంటి, ఈ పిల్లే! ఆగలేక లోపల తొంగి చూసి, తిట్టు తప్పించుకోవడానికి అంటించి ఉంటుంది. ఇంకొకరైతే కొట్లాడేవాడే. ఆమె కాబట్టి ఏమీ అనకుండా, గొప్ప మనసుతో లోలోపలే నవ్వుకున్నాడు.

"ఎందుకు నవ్వతా ఉండావు?"

"ఏం లేదులే. నేను ఇప్పను, నీకు తెలుసు గదా."

"నాకోసరం గూడానా?"

"నువ్వు మోసుకొచ్చింది గదా, అందుకే అసలు ఇప్పను. జన్మంతా ఇట్టనే పెట్టుకుంటా."

మోహన టీ గ్లాసులోకి చూసింది. వాన చినుకొకటి రేకు చివరి నుంచి జారి అందులో పడింది. "ఆదివారం మా ఇంటికి సుట్టాలొస్తా ఉండారు మునీ. ఆలోపల ఇప్పు. ఇప్పి నాకు ఫోన్ చెయ్యి."

"సుట్టాలకీ నా సీలుకీ ఏం సంబంధం?"

"ఉండాది," అంది. బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. వాన కదా, కిటికీ మూసుంటుందిలే అనుకున్నాడు మునికుమార్.

మరుసటి రోజు మధ్యాహ్నం, శనివారం కాకపోయినా, గ్రూపులో మోహన రాసింది: "నా నీలం రోబోలో మనిషి లేడు. కుర్చీ ఖాళీగా ఉండాది. యాడికి పొయ్యుంటాడో ఎవురికన్నా తెలుసా?"

చూసినవాళ్లంతా అయ్యో అన్నారు. మునికుమార్ అయితే మండిపడ్డాడు. ఏడు నెలలు కాచుకుంటే మనిషి లేకుండా పంపుతారా? అక్కడే నెట్ సెంటరు అన్నని పక్కన కూర్చోబెట్టుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో జపాను కంపెనీకి ఫిర్యాదు రాశాడు. సార్, మేన్ మిస్సింగ్, చెయిర్ ఎంప్టీ, మేడం వెరీ శాడ్. తన అడ్రసే ఇచ్చాడు. గెలిచినట్టు మోహనకి చెప్పాడు.

ఆమె జవాబొచ్చింది. "నువ్వు నిజంగా మంచోడివి మునీ. ఆ ఎర్రది ఇప్పినావా?"

"ఇప్పలేదు. భయం లేదు, పదిలంగా ఉండాది!"

శనివారం పొద్దున ఆమె ఫోన్ చేసింది. అతను చిత్తూరు రోడ్డులో వ్యాను పక్కన నిలబడి, లారీల మోతలో మాట్లాడాడు.

"ఇప్పినావా?"

"ఏందబ్బా నీ గోల! ఎప్పటికీ ఇప్పనని చెప్పినా గదా!"

అవతల ఏమీ వినపడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకుని "హలో, హలో" అన్నాడు.

"ఉండాను," అంది మోహన. "సరే మునీ. పెట్టేస్తా."

ఆదివారం సుట్టాలొచ్చారు. తాంబూలాలు పుచ్చుకున్నారు. డిసెంబరులో పెండ్లి. అబ్బాయి హోసూరులో ఇంజినీరు. గ్రూపులో అందరికీ శుభలేఖ వచ్చింది. మునికుమార్ శుభలేఖని కూడా బొమ్మ పెట్టెలకి వేసినట్టే ప్లాస్టిక్ కవరులో వేసి బీరువాలో పెట్టాడు. తెల్ల రోబోలు ఫిబ్రవరిలో రెండూ వచ్చాయి. బాలసుబ్రమణ్యం ఒకదాని చీటీ చూసి, ఏమీ అడగకుండా, రెండూ ఒకే సంచిలో పెట్టిచ్చాడు.

* * *

మార్చిలో జపాను నుంచి ఒక చిన్న కవరు వచ్చింది. లోపల దూదిలో చుట్టిన నీలం మనిషి. మునికుమార్ కాసేపు వాడి మొహం చూశాడు. తర్వాత చిత్తూరు బస్సెక్కాడు. పుట్టింట్లో ఇచ్చేస్తే వాళ్లే పంపుతారు.

తలుపు తీసింది మోహన తల్లి జ్ఞానాంబ. చేతికి రాగిపిండి అంటుకునుంది.

"నేను మునికుమార్నమ్మా. తిరుపతి. మోహన బొమ్మలో ఈ మనిషి పొయ్యినాడని కంపెనీకి రాసినాము. పంపించినారు."

జ్ఞానాంబ కవరులోకి చూసింది. అతని మొహం చూసింది. "కూసో నాయనా." మజ్జిగ తెచ్చిచ్చి, ఎదురుగా కింద కూర్చుంది.

"వాడు యాడికీ పోలేదు నాయనా. నా ముందరే ఎత్తింది. నీలం దాంట్లోనుంచి తీసి ఎర్ర దాంట్లో కూసోబెట్టి, ఆ పెట్టెకి గుండ్రం కాయితం అంటించింది. 'ఏందే అది?' అంటే, 'వాడు ఉండాల్సిన ఇంటికి పోతా ఉండాడు మా' అనింది."

మునికుమార్ మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"'నాయనతో మాట్లాడే పిల్లోడు ఒకడు ఉండాడు, శనివారం దాకా ఆగు మా' అని నన్ను అడిగింది. ఆగినాను. శనివారం పొద్దున ఫోను పెట్టేసి, 'ఇంక ఆగొద్దులే మా' అనింది. ఎవురని నేను అడగలేదు. అది చెప్పలేదు." పమిటతో చెయ్యి తుడుచుకుంది. "ఆ నీలం బొమ్మని అత్తగారింటికి తీసకపొయ్యింది. ఖాళీ కుర్చీతోనే."

మునికుమార్ కవరుని ఆమె ముందుకి జరిపాడు. "ఈ మనిషిని మోహనకి పంపండమ్మా. ఆ కుర్చీ ఖాళీగా ఉండగూడదు. కంపెనీ వాళ్లే పంపినారని చెప్పండి. నేనొచ్చినానని చెప్పొద్దు."

"మజ్జిగ తాగు నాయనా," అంది జ్ఞానాంబ.

ఇంటికొచ్చి బీరువా తెరిచాడు. ఎర్ర పెట్టె తీశాడు. సీలు ఒక పక్కకి ఒరిగే ఉంది. గోరు పెట్టాడు. జన్మలో ఎప్పుడూ చేయని పని, చేతికి తెలియలేదు. కాయితం చిరిగింది.

ఛాతీ తలుపు నొక్కాడు. ఒక్క కుర్చీలో ఇద్దరు. ఎర్ర మనిషి, నీలం మనిషి. చోటు చాలక ఒకరి భుజం మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. పెట్టె అడుగున మడిచిన జపాను సూచనల కాయితం, ఆ అర్థం కాని అక్షరాల మధ్య నీలం సిరాతో తెలుగు.

"చేసుకోబొయ్యే పిల్ల అడిగితే ఇప్పుతానన్నావు. అడిగినాను, ఇప్పినావు. ఇద్దురికీ చోటుందో లేదో ఇప్పుడు నువ్వే సూడు. ఉంటే ఆదివారం లోపల మా నాయనతో మాట్లాడు."

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఆ బజ్జీల శనివారం.

మళ్లీ శనివారం మధ్యాహ్నం నెట్ సెంటరులో కూర్చున్నాడు. గ్రూపులో అందరి పేర్లూ వెలుగుతున్నాయి. మోహన పేరు ఒక్కటే డిసెంబరు నుంచి బూడిదరంగులో ఉంది. మునికుమార్ రెండే మాటలు టైపు చేశాడు.

"ఎర్రది ఇప్పినాను."

అందరికీ గుర్తుంది. మరిచిపోయింది వాడొక్కడే. తెర నిండా పూలు, బాజాలు, లడ్లు కురిశాయి. "కంగ్రాట్స్ మునీ!" "పప్పన్నం ఎప్పుడప్పా?" "పిల్లది ఏ ఊరు?" ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

చివరికి శ్రీనివాసులు మాస్టరు అడిగాడు: "అయితే పిల్ల వచ్చి ఇప్పమని అడిగిందన్నమాట! నిజమేనా మునీ?"

మునికుమార్ కళ్లు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొట్టాడు.

"అడిగింది సార్. మూడుసార్లు."