పన్నెండు జీబీల ఖాళీ

వంతెన డ్రాయింగులు మాయమై మూడు రోజులైంది. ఎనభై జీబీల ఫోల్డర్. సోమవారం సాయంత్రం ఆరున్నరకు చూస్తే ఆఫీసు కంప్యూటర్ డిస్క్‌లో లేదు. వెంటనే పోలీసులు డిస్క్‌కు సీల్ వేశారు.

ఇన్‌స్పెక్టర్‌కు తల పగిలిపోతోంది. చెరిపేసిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేర్‌ను నాలుగుసార్లు నడిపాడు. ఒక్క గీత కూడా దొరకలేదు. పైగా డిజైన్ ఆఫీసు యజమాని ప్రాణం తోడేస్తున్నాడు.

“ఇంకా ఏం చూస్తున్నారండీ? ఆ కంప్యూటర్ ఆపరేటరే దొంగ. డ్రాయింగులు కాపీ చేసుకుని చెరిపేసింది. మధ్యాహ్నంలోగా అరెస్టు చేయండి.”

ఆపరేటర్ గోడవారగా నిలబడి ఉంది. సోమవారం ఎనిమిదిమంది సిబ్బంది ముందు ఆమెను దొంగ అన్నారు. అప్పటినుంచి ఆమె మాట వినే దిక్కు లేదు.

“చూసిందెవరు?” అడిగాడు ఇన్‌స్పెక్టర్.

“నేనే సార్,” అన్నాడు యజమాని బావమరిది. “ఆరుంపావుకి. షిఫ్ట్ డిలీట్ కొట్టింది. నా కళ్ళతో చూశాను.”

“ఆ సాయంత్రం నువ్వేం చేశావమ్మా?”

“డిస్క్ శుభ్రం చేశాను సార్. ప్రతి సోమవారం చేస్తాను. పనికిరాని ఫైళ్ళు తీసేసి, చెదిరిన ఫైళ్ళను ఒకచోట చేర్చే డిఫ్రాగ్ నడిపి, ఎంత ఖాళీ ఉందో రిజిస్టర్‌లో రాస్తాను. లేకపోతే ఒక్క డ్రాయింగ్ తెరుచుకోడానికి అరగంట. రాసి టీకి వెళ్ళాను. రిజిస్టర్ చూడమని మొదటిరోజే చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.”

ఇన్‌స్పెక్టర్ నాలుక కరుచుకున్నాడు. పట్టించుకోనివాళ్ళలో తనూ ఉన్నాడు.

రిజిస్టర్ తెరిచాడు. సోమవారం, ఆరు గంటలు, ఖాళీ పన్నెండు జీబీలు.

స్క్రీన్ చూశాడు. ఇప్పుడూ పన్నెండే.

“బీరువాలో బట్టలు తీసేస్తే అర ఖాళీ అవ్వాలి కదా? ఎనభై జీబీలు చెరిపేస్తే ఇక్కడ తొంభై రెండు ఖాళీ ఉండాలి. అంటే ఏదీ చెరగలేదు. చెరగనిదాన్ని నేను చెరిగినవాటిలో వెతుకుతున్నాను.”

దాచిన ఫోల్డర్లతో సహా అన్నింటినీ సైజు వారీగా పేర్చాడు. అన్నిటికన్నా పైన ‘పాత ప్రింటర్ డ్రైవర్లు’. ఎనభై జీబీలు. తెరిచాడు. లోపల వంతెన.

“జరగని డిలీట్‌ని కళ్ళతో ఎలా చూశావయ్యా?”

బావమరిది నేలచూపులు చూశాడు. “నేనే పేరు మార్చి దాచాను. ఆ సీటు నాకిస్తానని బావ ఏడాదిగా చెప్తున్నాడు. ఆవిడ పోతేనే కదా సార్.”

యజమాని గొంతు తగ్గించాడు. “ఇది మా ఇంటి గొడవ ఇన్‌స్పెక్టర్ గారూ. ఇక్కడితో వదిలేద్దాం. రేపు పనిలోకి రామ్మా.”

ఆపరేటర్ కదల్లేదు.

“దొంగనని అందరి ముందూ అన్నారు సార్. కాదని కూడా అందరి ముందే చెప్పండి.”

ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు తీశాడు. ఎనిమిదిమందినీ లోపలికి పిలిచాడు.

యజమాని గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు.

“తొందరేం లేదు సార్,” అంది ఆమె. “మూడు రోజులు ఆగాను. ఇంకాస్త ఆగుతాను.”