ఆఖరు కంప్యూటర్ల ఎర్ర చుక్క

జనగామ స్టేషన్ వెనుక సందుల వెంకన్న నెట్ సెంటర్ ఉండె. అండ్ల ఆఖరు క్యాబిన్‌కు చెడ్డపేరు. పగటిపూట ఎవరన్న కూసుందురు గని, చీకటి పడినంక ఆ కుర్చీ చూపిస్తే మీసం మెలేసే మొగోళ్లు సుత "నడుము నొప్పున్నదన్నా" అని జారుకుంటుండ్రి.

నేను దయ్యాలను నమ్మను. వెంకన్న సుత నమ్మడు. నమ్మని మనిషి ఆ రాత్రి ముచ్చట చెప్పుకుంట చాయ్ చల్లార్చుకున్నడు... అందుకే రాస్తున్న.

ఆ క్యాబిన్‌ల ప్రేమ్‌సింగ్ కూసుంటుండె. దేవరుప్పుల దిక్కు తండా, డిగ్రీ చదువు. తుపాకుల ఆట ఆడుకుంట, ఆడేదంతా నెట్ల లైవ్ చూపెడుతుండె. తెర మూలకు చిన్న డబ్బా, డబ్బాల ఆయన ముఖం, పక్కపొంటి ఎర్ర చుక్క. చుక్క వెలిగిందంటే మనిషి ఇప్పుడే, ఈ నిమిషమే, ఆడుతున్నట్టు. "నీ భాషేందిరా, ఏ సినిమాల కమెడియన్‌వి?" అని ఎవడో రాస్తే, "మీ ఊర్ల నవ్వుడే నౌకరా అన్నా?" అని అడుగుతుండె.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడిచిన దినాలల్ల హైదరాబాదుకు ఊరేగింపుకని పోయిండు. మళ్ల రాలే.

తల్లి గంగాబాయి ఠాణాలు తిరిగింది. దవాఖానలు తిరిగింది. శవాల గది ముంగట నిలవడి పేర్లు చదివించుకున్నది. యాడా లేడు. తెల్లబట్టల లీడర్లు తండాకొచ్చి ప్రేమ్‌సింగ్ ఫోటోకు దండ వెయ్యబోతే చీపురు తీసింది.

"సచ్చిండని మీకెవడు చెప్పిండు? ఓట్లకు శవాలు తక్కువైనయా?"

గప్పుడు మొదలైంది...

రాత్రి దుకాణం మూసే యాళ్లకు, ఆఖరు క్యాబిన్‌ల పాత కంప్యూటర్ల ప్రేమ్‌సింగ్ లైవ్ పేజీ దానంతట అదే తెరుచుకునేది. ఎర్ర చుక్క వెలిగేది. కొత్త మిషిన్లల్ల అదే పేజీ తెరిస్తే నల్ల తెర. ఆ పాత మిషిన్లనే... దాంట్లనే.

ముచ్చట తండాకు ముట్టింది. సమ్మెకు బస్సుల్లేవు. గంగాబాయి నడిచే వచ్చింది, దుకాణం మూసే యాళ్లకు.

"ఎర్ర సుక్కుంటె బతికున్నట్టేనా వెంకన్నా?"

"అట్లనే అంటరవ్వా... గని పాత బొమ్మను సుత గట్ల ఏస్తరు కొందరు."

"ముఖం సూపియ్యి. పాతదో కొత్తదో నేను జెప్త. ఆడు తిన్నడా లేదా సుత జెప్త."

తెర వెలిగింది. ఆట లేదు. మూలకు చిన్న డబ్బా ఒక్కటే... అండ్ల ముఖం లేదు. మట్టిరంగు గళ్లు. గళ్లే తలలెక్క ఊగుతున్నయ్. స్పీకర్ల మాట లేదు — ఊపిరి సప్పుడు.

"గిదేంది? పెచ్చులూడిన గోడలెక్క?"

"పాత మిషిన్ అవ్వా. అన్నిటికంటె కింది క్వాలిటీల పెట్టిన. పెంచితె మొయ్యది."

"పెంచు."

రెండు వందల నలభైకి పెంచిండు. గళ్లు చిన్నగైనయ్. జుట్టు తెలిసింది. లోపల ఫ్యాను ఉరుకవట్టింది. బొమ్మ ఆగి ఆగి అటకుతున్నది — తల ఈడ... మళ్ల ఆడ... నడుమ ఏం లేదు.

"గా బుజం ఆనిదే," గంగాబాయి గుసగుసగ అన్నది. "పెంచు."

"అవ్వా, జర ఇను. కదలాల్నంటె మసకనే ఉంటది. సాఫ్ కావాల్నంటె ఆగిపోతది. ఆగితె మళ్ల వస్తదో రాదో. ఈ ముసలిదాంతోని రెండూ కావు."

"ఆగితె ఆగనీ. ఒక్కపారి ముఖం సూస్త."

మూడు వందల అరవై. గదుమ మీద నీడ లెక్క ఏదో...

ఆమె తెర దగ్గరికి వంగింది. తండా మాటల, నెమ్మదిగ అడిగింది — "బేటా... అన్నం తిన్నవా?"

"మన మాట ఆనికి వినవడదవ్వా," అన్నడు వెంకన్న. "ఆని మైకు ఆడే తెచ్చుకుంటుండె, దీనికి మైకే లేదు."

స్పీకర్ల ఊపిరి ఆగింది.

వెంకన్న స్పీకర్ దిక్కు చూసిండు. అయినా నొక్కిండు — నాలుగు వందల ఎనభై. తెర నడుమ గుండ్రం తిరిగింది... తిరిగింది... కింది నుంచి మీదికి గళ్లు ఇడివడుతున్నయ్. అంగీ కాలర్. మెడ. మెడ మీద—

"వద్దు యాడీ."

అమ్మను తండాల పిలిచే పిలుపు. ప్రేమ్‌సింగ్ గొంతే.

"సాఫ్ చెయ్యకు... నువ్వు సూడలేవు."

వెంకన్న కుర్చీ వెనక్కి పడ్డది. గంగాబాయి కదలలే. ఏడ్వలే. ఇంతసేపు తెర మీదున్న చూపు దించి, నేల చూసింది.

"తగ్గించు నాయినా."

తగ్గించిండు. మెడ మసకైంది.

"ఇంక."

మళ్ల గళ్లయినయ్. కదులుతున్నయ్.

"ఇంక తగ్గించు."

"ఇంతకన్న కిందికి లేదవ్వా..."

గంగాబాయి తలమీది అద్దాల కొంగు తీసింది. తెర మొత్తం మీద కప్పింది. అంచులు సవరించింది. పక్కన కుర్చీ జరుపుకొని కూసున్నది.

కొంగు కిందికెల్లి... మెల్లగ... ఊపిరి మళ్ల మొదలైంది.