బిడ్డ బొమ్మ ఉన్న నీళ్లు

ఆదివారం పొద్దున్నే దంతాలపల్లిలో బస్సు దిగి ఇంటికొచ్చిన మనీషాకు గడప దాటకముందే కుళ్లు వాసన తగిలింది. ఎలుక చచ్చిందేమో అనుకుంది. మంచం మీద తల్లి ఐలమ్మ చేతిలో నీళ్ల గ్లాసుతో, కాలు చాపుకుని కూర్చుంది. వాసన ఆ కాలి నుంచే. బొటనవేలు నల్లబడి, చుట్టిన గుడ్డ చీముతో తడిసి ఉంది.

"ఏందవ్వా గిది? షుగర్ గోలీలు ఏస్కుంటున్నవా?"

"గోలీలెందుకు బిడ్డా, నీ మందుండంగ? ఎప్పుడో బంద్ వెట్టిన." ఐలమ్మ సంబరంగా మూలకు చూపించింది.

అక్కడ స్టూలు మీద ఒక నీళ్ల మెషిన్. దాని మీద మనీషా ఫొటో. కింద 'మన ఊరి శాస్త్రవేత్త కనిపెట్టిన హైడ్రోజన్ నీళ్లు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు మాయం' అని రాసి ఉంది. ఐలమ్మ రోజూ బొట్టు పెడుతోందేమో, ఫొటో నుదురంతా కుంకుమే.

ఇంతలో వరసకు అత్తయ్యే పక్కింటి పెంటమ్మ చెంబుతో వచ్చింది. "కోడలు పిల్లొచ్చిందా! నీ పుణ్యమే బిడ్డా, నేను గూడ గోలీలు బంద్ వెట్టిన." చెంబు నింపుకుని, తీర్థంలా కళ్లకద్దుకుని వెళ్లింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ వాడలో అది ఏ చెట్టో కూడా చూడకుండా ఆకులు దూసుకుపోతున్నారు!

మనీషా మెషిన్ మూత తీసింది. లోపలి రేకుల మీది పూత పొలుసులుగా లేచిపోయింది. దాని కింద తుప్పు, జిగట. హైదరాబాద్ ల్యాబ్‌లో లోహాల పూతలతోనే ఆమె బతుకు. ఇంత నీచమైన పూత ఎక్కడా చూడలేదు.

"ఛీ!"

"అక్కా, ఎప్పుడొచ్చినవ్?" తమ్ముడు శ్యాం నవ్వుతూ లోపలికొచ్చాడు. ఊళ్లో ఈ మెషిన్లు అమ్మేది అతనే.

"ఎవన్నడిగి నా ఫొటో వెట్టినవ్‌రా?"

"నువ్వు పని చేసేది హైడ్రోజన్ మీదనే గదా. అబద్ధమేముంది?"

"ఇనుము లోపటికి హైడ్రోజన్ దూరితె లోపల్నే పెళుసైతది. పైకి మంచిగనే కనవడతది, ఒకనాడు పుటుక్కుమంటది. అది దూరకుండ ఇనుము మీద పల్చటి పొర ఎయ్యడం నా పని. మనుషులకు తాపుడు కాదు!"

"గిదంత ఎవరికి తెలుస్తదక్కా? లోకమంత గిట్లనే నడుస్తలేదా?"

ఆ నవ్వు చూస్తే ఆమెకు చీము కన్నా ఎక్కువ రోత పుట్టింది.

"అవ్వ కాలు కుళ్లుతుంటె ఇంట్ల తిండెట్ల తింటున్నవ్?"

"అగరొత్తులు ముట్టిస్తున్న గదా," అన్నాడు శ్యాం.

సొంత తమ్ముడు కాకపోతే మనీషా అతని మొహాన ఉమ్మేసేదే.

ఐలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అంటె... గది నువ్వు చేసింది కాదా బిడ్డా?"

"కాదవ్వా. అది మందే కాదు."

ఐలమ్మ చేతిలోని గ్లాసును మెల్లగా కింద పెట్టింది.

"నీసు వాసనొచ్చేది. తాగినప్పుడల్ల వాంతికొచ్చేది. నా బిడ్డ చేతిదాయె అని కండ్లు మూసుకొని మింగిన."

మనీషా మంచం పక్కన కూలబడి, ఇందాక దూరం నుంచి చూసిన ఆ కాలును ఒడిలోకి తీసుకుని ఏడ్చింది. "లే అవ్వా, మానుకోట దవాఖానకు పోదాం."

శ్యాం ఆ గ్లాసు అందుకున్నాడు. ఇంతకాలం అమ్మడమే గానీ అతను ఒక్క చుక్క నోట్లో పోసుకోలేదు. ఇప్పుడు పోసుకున్నాడు. మింగలేక వాకిట్లోకి పరుగెత్తి కక్కాడు. మూతి కూడా తుడుచుకోకుండా పక్కింటి తలుపు బాదాడు.

"అత్తా! తాగకు, పారబొయ్యి! గోలీలు ఏస్కో! అక్క ఏం కనిపెట్టలె... నేనే అబద్ధం చెప్పిన!"